ఘనస్థితి చోదకం

వేములదిన్నె పురపాలక సంఘ కార్యాలయంలో జనన మరణ ధ్రువపత్రాలిచ్చే కిటికీ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ ఉండేది. చిన్నది అంటే నిజంగానే చిన్నది. టిఫిన్ డబ్బా అంత పెట్టె, తెర వెనకాల బిగించి ఉండేది. మొదటిసారి వచ్చినవాళ్ళు కంప్యూటర్ ఎక్కడుందని అడిగేవాళ్ళు. రెండోసారి వచ్చినవాళ్ళు అది ఎప్పుడు లేస్తుందని అడిగేవాళ్ళు.

పొద్దున ఆఫీసు తెరవగానే స్విచ్ వేసేవాళ్ళం. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలయ్యేది. మేం బల్లలు దులుపుకుని, హాజరు పట్టీలో సంతకాలు పెట్టి, ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగి, పేపర్ చదివి, చదివినదాని మీద కాసేపు వాదించుకుని వెనక్కి వచ్చేసరికి అది పాస్‌వర్డ్ అడుగుతూ ఉండేది. ఆ తర్వాత ఒక్కొక్క పత్రానికీ ముప్పావు గంట పట్టేది. బిడ్డ పేరు కొడితే ఒక చక్రం, తండ్రి పేరు కొడితే ఇంకో చక్రం, ప్రింట్ నొక్కితే అన్నిటికన్నా పెద్ద చక్రం.

దీనివల్ల ప్రజలు బాధలు పడ్డారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళు అలవాటు పడ్డారు. పెరుగన్నం డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు. వరండాలో బెంచీలు వేయించాం, మట్టికుండ పెట్టించాం. ఆ వరుసలో పరిచయమై వియ్యమందుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. అలా పెళ్ళయిన ఒక జంట, బిడ్డ పుట్టాక ఆ బిడ్డ పత్రం కోసం మళ్ళీ అదే వరుసలో నిలబడి, తాము మొదట మాట్లాడుకున్న బెంచీని చుట్టాలకు చూపించారు.

నేనక్కడ సీనియర్ అసిస్టెంటును. పేరు భుజంగరావు. ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే ఉత్తర్వులకూ మెమోలకూ నివేదికలకూ చిత్తు రాసేది నేనే. అందువల్ల ఈ వ్యవహారం మొదటినుంచి చివరిదాకా నా చేతి మీదుగానే నడిచింది.

ఆ కిటికీకి వకుళ అనే అమ్మాయి బదిలీ మీద వచ్చింది. జూనియర్ అసిస్టెంటు. వచ్చిన కొత్తలో అందరిలాగే ఆ చక్రాన్ని చూస్తూ కూర్చుంది. కానీ అందరిలాగా అలవాటు పడలేకపోయింది. ఒకరోజు లేచి తిన్నగా మేనేజర్ పురుషోత్తం గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. పురుషోత్తం గారు ఆ ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, ఆ ఆఫీసులోనే జుట్టు తెల్లబరుచుకున్న మనిషి. నియమావళిలో ఏ నిబంధన ఏ పేజీలో ఉందో పుస్తకం తెరవకుండా చెప్పగలరు.

"సార్, కంప్యూటర్ బాగానే ఉంది. లోపల డిస్కు పాతది. అది తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే చాలు, పని చకచకా అయిపోతుంది" అంది.

"దానికీ దీనికీ తేడా ఏంటమ్మా?"

"పాతదాంట్లో ఒక పళ్ళెం గిరగిరా తిరుగుతా ఉంటుంది సార్. దాని మీద ఒక ముల్లు వెతుక్కుంటా పోతుంది. అందుకే ఆలస్యం. కొత్తదాంట్లో తిరిగేది ఏమీ ఉండదు."

"ఏమీ తిరగదా?"

"తిరగదు సార్."

పురుషోత్తం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మా ఆఫీసులో తిరగకుండా జరిగిన పని ఆయన ఎన్నడూ చూసి ఎరగరు. ఫైలు తిరుగుతుంది, అటెండరు తిరుగుతాడు, అర్జీ పెట్టుకున్నవాడు అందరికన్నా ఎక్కువ తిరుగుతాడు. "ఏదీ తిరక్కపోతే పని జరుగుతున్నట్టు మనకెట్టా తెలుస్తుందమ్మా?" అన్నారు.

"పని అయిపోతుంది కదా సార్. అప్పుడు తెలుస్తుంది" అంది వకుళ.

ఆ జవాబు ఆయనకు అంతగా నచ్చలేదు. అయినా మంచి మనిషి కాబట్టి ఫైలు తెరిపించారు.

మొదటి చిక్కు ఇది మరమ్మతా, కొనుగోలా అన్న దగ్గర వచ్చింది. మరమ్మతు అంటే వస్తువు పనిచేయడం లేదని ధ్రువీకరించాలి. బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపతన్ని పిలిపించి రాయించాం. అతను నిజాయితీపరుడు. "పనిచేస్తోంది, కానీ ఆలస్యంగా" అని రాశాడు. ఆలస్యం మరమ్మతుకు అర్హమైన లోపం కాదని లెక్కల విభాగం ఫైలు తిప్పి పంపింది. పోనీ కొనుగోలు అందామంటే, నియమావళి ప్రకారం కంప్యూటర్ కొనవచ్చు గాని కంప్యూటర్‌లో కొంత భాగం కొనడానికి వీల్లేదు.

రెండో చిక్కు భాష దగ్గర వచ్చింది. మా కమిషనర్ చక్రపాణి గారు కార్యాలయ వ్యవహారాలన్నీ తెలుగులోనే జరగాలని పట్టుదల ఉన్నవారు. ఫైలు మొదటి పేజీలోనే ఇంగ్లీషు మాట కనబడేసరికి ఎర్ర సిరాతో గీత గీసి నన్ను పిలిపించారు.

"భుజంగరావు గారూ, సాలిడ్ స్టేట్ డ్రైవ్ అనగానేమి? సామాన్య ప్రజానీకమునకు బోధపడునట్లు తెనిగించి పునః సమర్పించండి."

ఆయన మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది. నేను ఒక పూటంతా కూర్చుని 'ఘనస్థితి చోదకం' అని రాశాను. బాగా కుదిరిందని నాకూ అనిపించింది. కమిషనర్ గారు రెండుసార్లు పైకి చదువుకుని సంతోషంగా సంతకం పెట్టారు.

ఆ సంతకంతో ఫైలు తపాలా విభాగానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తాకు ఫైలు పేరులో చివరి మాట ఒక్కటే అర్థమయింది. చోదకుడు అంటే డ్రైవరు కాబట్టి దాన్ని సిబ్బంది విభాగానికి పంపించాడు. వారం తిరక్కుండానే జవాబు వచ్చింది: "నూతన చోదకుల నియామకముపై నిషేధము అమలులో ఉన్నది. అత్యవసరమైనచో పొరుగుసేవల ప్రాతిపదికన తీసుకొనవచ్చును. సదరు చోదకమునకు భారీ వాహనముల లైసెన్సు కలదో లేదో తెలియజేయవలెను."

వకుళ ఆ కాగితం చదివి కాసేపు కిటికీ బయటికి చూసింది. తర్వాత జవాబు రాసింది, లైసెన్సు లేదని. అబద్ధం కాదు కదా.

ఈసారి తపాలా గుమాస్తా జాగ్రత్తపడి మొదటి మాట చూశాడు. మున్సిపాలిటీలో ఘన అన్న మాట ఒక్కచోటే వాడతారు. ఫైలు ఘన వ్యర్థాల విభాగానికి చేరింది. మర్నాడే శానిటరీ ఇన్‌స్పెక్టరు యోహాను గారు కిటికీ దగ్గరికి వచ్చారు. రోడ్ల మీద తిరిగి తిరిగి ఎండకు కమిలిన మనిషి, మాట మాత్రం చల్లగా ఉంటుంది.

"ఏమ్మా, ఘనంగా ఏదో ఉండాదంట, యాడ?"

వకుళ అంతా విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"నాకేం అర్థం కాలేదు గానీ, ఘన అని ఉందంటే అది నాదే. ద్రవం అయ్యుంటే డ్రైనేజీ వాళ్ళ దగ్గరికి పోవాల్సొచ్చేది, వాళ్ళు చెయ్యరు. నాకు మార్చిలోపల ఖర్చు పెట్టాల్సిన నిధులుండాయి. తోపుడు బండ్లు, చీపుర్లు రాస్తన్నా. వాటి కింద ఇదొకటి రాస్తా. తడిదా, పొడిదా?"

"పొడిదే సార్."

"అయితే ఇంకేం" అని సంతకం పెట్టారు. ఆ విధంగా మా కంప్యూటర్ గుండె వేములదిన్నె పారిశుద్ధ్య నిధులతో వచ్చింది.

షాపతను వచ్చి బిగించే రోజు ఆఫీసంతా చుట్టూ నిలబడ్డాం. తెర వెనక నుంచి పెట్టె ఊడదీసి, అడుగున మరలు విప్పి, మూత పక్కకు జరిపాడు. పాత డిస్కు బయటికి తీస్తే చేతిలో బరువుగా, పెద్దమనిషిలా ఉంది. కొత్తది పేకముక్కల కట్ట కన్నా పలచన. కమిషనర్ గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశారు.

"ఘనము అంటిరి. బరువు లేదేమి?"

"స్థితి మాత్రమే ఘనం సార్" అన్నాను.

పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పట్టణంలో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఒకరి వెనక ఒకరు ఆ పలచటి పెట్టెలోకి మారిపోయారు. సాయంత్రానికి అతను మూత బిగించి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టాం, రిబ్బను కట్టాం. స్విచ్ నొక్కిన తర్వాత కంప్యూటర్ లేచేలోపల సభ బోసిపోకుండా కమిషనర్ గారికి నేను దండిగా ఉపన్యాసం రాసిచ్చాను. ఆయన స్విచ్ నొక్కి, గొంతు సవరించుకుని, "సభకు నమస్కారము" అన్నారు. తెర వెలిగి పాస్‌వర్డ్ అడిగింది. ఆయన మధ్యలో మాటకు అడ్డొచ్చినవాళ్ళని చూసినట్టు దానివైపు చూశారు. అయినా వెనక్కి తగ్గకుండా ఉపన్యాసమంతా చదివారు. అది పూర్తయ్యేసరికి, ఎవరూ ముట్టుకోనందువల్ల, కంప్యూటర్ మళ్ళీ నిద్రపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు వరండాలో ఒక్క మనిషి లేడు. కిటికీ ముందు నిలబడినవాడు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకునేలోపల పత్రం చేతిలోకి వచ్చేది. వకుళ ముఖం వెలిగిపోయింది. మిగతావాళ్ళం కొంచెం బిక్కచచ్చిపోయాం. టీకి వెళ్ళాలంటే వంక లేదు. ఎదుటి హోటలాయన వచ్చి, ఆఫీసుకు సెలవా అని అడిగి వెళ్ళాడు.

ముందు అనుమానించింది ప్రజలే. ఒక పెద్దాయన పత్రం తీసుకుని గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఇది చెల్లుద్దా?"

"చెల్లుతుంది తాతా. గుండ్రటి ముద్ర కూడా ఉంది చూడండి."

"అది గాదమ్మా. మా పెద్దోడిది తీసుకునేదానికి రెండు దినాలు పట్టింది. అది అసలుది. ఇదేదో అట్టా అడిగితే ఇట్టా ఇచ్చినావు. పర్వాలేదు, నేను కూచుంటా. నిదానంగా అసలుదే ఇయ్యి."

వకుళ ఎంత చెప్పినా వినకుండా ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి అదే పత్రాన్ని ఆమె లోపలికి తీసుకుని, కాసేపాగి మళ్ళీ ఇస్తే, వెలుతురులో పెట్టి చూసుకుని తృప్తిగా వెళ్ళాడు.

రెండో అనుమానం ప్రాంతీయ కార్యాలయానికి వచ్చింది. వాళ్ళు పంపిన మెమో నాకిప్పటికీ కంఠస్థం. "దరఖాస్తు స్వీకరించిన సమయము, ధ్రువపత్రము జారీ చేసిన సమయము ఒకే నిమిషమున నమోదగుచున్నవి. ఇట్టి పరిస్థితులలో సంబంధిత సిబ్బంది తమ మనస్సును వినియోగించినట్లు భావించుటకు ఆస్కారము కనబడుట లేదు. తక్షణమే వివరణ ఇవ్వవలెను."

కమిషనర్ గారు అందరినీ తన గదిలోకి పిలిచారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"ఇన్నాళ్ళు మన మనస్సు వినియోగమగుచున్నదని పైవారు విశ్వసించిరి. ఆ విశ్వాసమునకు విఘాతము కలిగినది" అన్నారు.

"సార్, అప్పుడు కూడా మేం ఊరికే కూర్చునేవాళ్ళమే. కంప్యూటర్ తిరుగుతా ఉండేది, అంతే" అంది వకుళ.

"అమ్మా, ఊరికే కూర్చొనుటకును, యోచించుచు కూర్చొనుటకును చూచువారికి భేదము కనబడదు. పరిపాలన అంతయు దాని మీదనే నిలిచియున్నది."

పాత డిస్కు మళ్ళీ పెట్టించవచ్చునా అని కూడా ఆలోచించారు. కానీ అది మరమ్మతా, కొనుగోలా అన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది. అందుకని, కంప్యూటర్‌ను ఉన్నట్టే ఉంచి మనుషులను సరిచేయాలని నిర్ణయించారు. ఉత్తర్వు నేనే రాశాను. ఇకపై ప్రతి ధ్రువపత్రమూ అచ్చయిన తర్వాత ఒక చెక్కపళ్ళెంలో ఉంచాలి. పళ్ళెం మీద 'యోచనలో ఉన్నవి' అని రాసి ఉండాలి. సంబంధిత ఉద్యోగి ఆ పత్రం ఎదుట ముప్పావు గంట కూర్చుని మనస్సును వినియోగించిన మీదటనే దాన్ని అర్జీదారుకు ఇవ్వాలి. ఒకేసారి రెండు పత్రాల మీద మనస్సు పెట్టడం నిషిద్ధం, ఎందుకంటే అలా చేస్తే ఒక్కొక్కదానికి సగం మనస్సే దక్కుతుంది.

ఆలోచిస్తున్నదీ లేనిదీ గమనించడానికి నన్ను పర్యవేక్షకుడిగా వేశారు. వకుళ కిటికీ దగ్గర కూర్చుంటే, ఆమెకు ఎదురుగా నేను కూర్చునేవాణ్ణి.

"భుజంగరావు గారూ, ఈ బిడ్డ పుట్టిందని ఆసుపత్రి వాళ్ళే రాసిచ్చారు. నేనింకా ఏం ఆలోచించాలండీ?" అని అడిగింది మొదటిరోజు.

"పుట్టిందా లేదా అని కాదమ్మా. పుట్టడం గురించి సాధారణంగా."

ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పత్రం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆమె చూపు ఎక్కడో ఉండటం చూసి, ఇంట్లో కూరగాయల గురించి ఆలోచిస్తోందేమోనని నాకు సందేహం కలిగింది. దాంతో మార్గదర్శకాలు కూడా తయారుచేయవలసి వచ్చింది. కళ్ళు పత్రం మీద ఉండాలి. కనుబొమలు స్వల్పంగా ముడివడి ఉండాలి. ఆవులింత వస్తే ఆ సమయాన్ని మినహాయించి లెక్క కట్టాలి. మరణ ధ్రువపత్రమైతే మధ్యలో ఒకసారి నిట్టూర్చవచ్చు.

వరుస మళ్ళీ గేటు దాకా వచ్చింది. పెరుగన్నం డబ్బాలు వచ్చాయి. హోటలాయన పలకరింపులో మునుపటి ఆదరణ వచ్చింది. మా వివరణతో పాటు ఉత్తర్వు నకలు చూసిన ప్రాంతీయ కార్యాలయం "మనస్సు వినియోగము సంతృప్తికరము" అని రాసి, మిగతా పట్టణాలవాళ్ళను మా పద్ధతి చూసి రమ్మని పంపింది. వచ్చినవాళ్ళు వకుళ చుట్టూ నిలబడి, ఆమె ఆలోచిస్తుండగా గుసగుసగా ప్రశ్నలడిగి రాసుకునేవాళ్ళు. ఒకాయన ఆమె కనుబొమల ఫొటో తీసుకున్నాడు. ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదు.

అలాంటి రోజుల్లో, సాయంత్రం కిటికీ మూసేవేళకు నాగూర్‌బీ వచ్చింది. గాజుల మలారం నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే ముసలామె. వెంట రిజ్వానా అని మనవరాలు. బడి బట్టల్లో, రెండు జడలతో, ఏమీ మాట్లాడకుండా అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకు పక్క ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు బడిలో సీటు వచ్చింది. పుట్టిన పత్రంతో మర్నాడు సాయంత్రంలోపల చేరకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. ఆ రోజుకు వేళ మించిపోయింది, పొద్దున్నే రమ్మని వకుళ చెప్పి పంపింది.

మర్నాడు వాళ్ళు వచ్చేసరికే బెంచీలు నిండి ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరి పత్రం మీద ఆలోచన నడుస్తూ ఉంది. దరఖాస్తు అందగానే వకుళ రిజ్వానా పత్రం అచ్చు తీసింది, ముద్ర వేసింది, పళ్ళెంలో పెట్టింది. దాని ముందు ఇంకా చాలా పత్రాలున్నాయి. మధ్యాహ్నం అయింది. వాళ్ళెక్కవలసిన బస్సు బయల్దేరే వేళ దగ్గరపడింది. నాగూర్‌బీ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది.

"అమ్మా, ఆ పళ్ళెంలో కొసనుండేది మా పిల్లదే గదా. ముద్ర గూడా కొట్టినావే."

"మీదే అవ్వా."

"మరి ఇయ్యరాదా తల్లీ, బస్సు పోతాది."

వకుళ నావైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

"దాని గురించి ఇంకా ఆలోచించలేదు అవ్వా" అంది, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు.

నాగూర్‌బీకి కోపం రాలేదు. అర్థం కాక అడిగింది. "మా పిల్ల గురించి నువ్వు ఆలోచించేదేముంది తల్లీ? దాని అమ్మ పోయినకాణ్ణించి నేను ఆలోచిస్తానే ఉండా. అది చాలదా?"

వకుళ లేచి కమిషనర్ గారి గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆయన అంతా విని నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవారేం కాదు.

"మానవతా దృక్పథముతో త్వరగా యోచించుటకు నాకు అభ్యంతరము లేదు. అయితే త్వరగా యోచించినట్లు రికార్డునందు కనబడరాదు" అన్నారు.

వకుళ వెనక్కి తిరిగింది. వచ్చి, పళ్ళెంలోంచి పత్రం తీసి, ఊచల మధ్య నుంచి నాగూర్‌బీ చేతికిచ్చింది. "పరిగెత్తండి అవ్వా" అంది. ముసలామె మలారం అక్కడే బెంచీ కింద వదిలేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. వరుసలో ఉన్నవాళ్ళెవరూ గొడవ చేయలేదు. జరిగి దారిచ్చారు.

పర్యవేక్షకుడిగా నేను జరిగినది జరిగినట్టు రాసి పంపాను. సాయంత్రానికి వకుళకు మెమో ఇవ్వమని ఉత్తర్వయింది. మనస్సు వినియోగించకుండా ధ్రువపత్రం జారీ చేసినందుకు ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పమన్నారు. ఆ మెమో నేనే రాశాను. ఆమె దాన్ని తీసుకుని నా ఎదుటే కుర్చీలో కూర్చుంది. వచ్చి ఏడాదైనా కాలేదు, ఉద్యోగం పోతే అద్దె ఇల్లు ఖాళీ చేసి పోవాలి.

"నిజం చెప్పాలంటే ఆ పిల్ల గురించి ఆలోచించకుండా ఏం ఇవ్వలేదండీ. నిన్న సాయంత్రం వాళ్ళు వచ్చి పోయినకాడ్నించి అదే ఆలోచన. కూర తరిగేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు కూడా. పొద్దున బస్సులో వస్తా కూడా అదే. సీటు పోతే ఆ పిల్ల ఏమైపోద్దా అని" అంది.

నేను కలం మూత తీశాను. "ఆ ముక్కే రాద్దాం" అన్నాను. మెమో రాసింది నేనే కనుక దానికి ఎలాంటి జవాబు ఇమడగలదో నాకు బాగా తెలుసు. భాష నాది, విషయం ఆమెది. చివరి వాక్యం మాత్రం పూర్తిగా ఆమె సొంతం. "సదరు బాలిక ధ్రువపత్రము విషయమై నిర్ణీత వ్యవధికి మించి, కార్యాలయ వేళలకు వెలుపల కూడ, మనస్సును వినియోగించియున్నాను. మిగులు యోచనా వ్యవధిని ప్రస్తుతము పళ్ళెములో ఉన్న ఇతర ధ్రువపత్రములకు సర్దుబాటు చేయవలసినదిగా ప్రార్థన."

ఆ వాక్యం కమిషనర్ గారి గదిలో చాలా రోజులుంది. ఇంట్లో ఆలోచించకూడదని నియమావళిలో లేదు. ఒక పత్రానికి మిగిలిన ఆలోచనను మరొకదానికి వాడకూడదనీ లేదు. పురుషోత్తం గారు పుస్తకాలన్నీ తిరగేసి, "నిబంధనలు మౌనంగా ఉన్నాయి సార్" అని తేల్చారు. నిబంధనలు మౌనంగా ఉన్నచోట కమిషనర్ గారికి కొత్త ఉత్సాహం వస్తుంది. ఆలోచన ముందుగా చేసి నిల్వ పెట్టుకోవచ్చునంటే, అది ఒక్కరే చేయనక్కరలేదని కూడా ఆయన గ్రహించారు. అందరూ కలిసి చేస్తే ఎంతో మిగులుతుంది.

మెమో రద్దయింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు తెరవగానే సిబ్బంది అందరూ సమావేశ మందిరంలో అరగంట సేపు సామూహికంగా యోచించాలి. అందరి అరగంటలూ కలిపి ఆనాటి ధ్రువపత్రాలన్నిటికీ సమానంగా పంచాలి. ఆ మీదట కిటికీ తెరిచి, వచ్చినవి వచ్చినట్టు ఇచ్చేయవచ్చు. లెక్క చూస్తే ఒక్కొక్క పత్రానికి పడే మనస్సు మునుపటికన్నా పెరిగింది. ప్రాంతీయ కార్యాలయం అభినందన పంపింది. వరండా మళ్ళీ ఖాళీ అయింది, ఈసారి సక్రమంగా.

ఆ మధ్యలోనే నాగూర్‌బీ తన మలారం కోసం వచ్చింది. రిజ్వానా బడిలో చేరిందట, కిటికీ పక్క మంచం దొరికిందట, అన్నంలో కారం తక్కువని కబురు చేసిందట. ఇవన్నీ చెబుతూ వకుళ చేతులకు డజను ఆకుపచ్చ గాజులు తొడిగింది. "వద్దనబాకమ్మా, ఆలోచించే తెచ్చినా" అంది. పత్రాలు ఇస్తున్నప్పుడు ఆ గాజుల చప్పుడు హాలంతా వినబడేది.

సామూహిక యోచన మొదట్లో సులువుగా సాగింది. కమిషనర్ గారు ముందు కూర్చునేవారు. మేం కనుబొమలు ముడిచేవాళ్ళం. యోహాను గారు తెల్లవారుజామునే లేచి వీధులు చూసుకుని వచ్చేవారు కాబట్టి ఆయన మనస్సు తొందరగా లోతుకు వెళ్ళిపోయి, కొంచెం చప్పుడు కూడా వచ్చేది. కానీ రోజూ అరగంట కదలకుండా, మాట్లాడకుండా, టీ లేకుండా కూర్చోవడం ప్రమాదకరమైన సంగతి. అది ఎవరి మీద ముందు పనిచేస్తుందో మేం ఊహించలేదు.

ఒక ఉదయం పురుషోత్తం గారు చెయ్యెత్తారు.

"సార్, నాకొక ఆలోచన వచ్చింది."

కమిషనర్ గారు కంగారుపడ్డారు. "ఏ పత్రము గురించి?"

"అన్నిటి గురించీ సార్. బిడ్డ పుట్టిన సంగతి ఆసుపత్రి వాళ్ళు మనకే రాస్తారు. వాళ్ళ ఇల్లు ఎక్కడుందో మన దగ్గరే ఉంది. ఇంటి పన్ను నోటీసు మనమే తీసుకెళ్ళి తలుపులో పెట్టి వస్తాం, ఏనాడూ దారి తప్పలేదు. మరి పుట్టిన పత్రం కోసం మాత్రం వాళ్ళెందుకు సార్ మన దగ్గరికి రావడం?"

యోహాను గారు కళ్ళు తెరిచారు. పురుషోత్తం గారి వంక చూస్తే, తన నోట్లోంచి వచ్చిన మాట ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. ఇన్నేళ్ళలో ఆయన నిబంధన చెప్పారే గాని దాన్ని ప్రశ్నించలేదు.

కమిషనర్ గారు కుర్చీలో ముందుకు వంగారు. తర్వాత ఎంతో మెత్తగా అడిగారు.

"పురుషోత్తము గారూ, తమ పదవీ విరమణ ఎప్పుడు?"

"వచ్చే నెలాఖరు సార్."

"అంతవరకు కొంచెము ఓపిక పట్టండి."

ఆ మధ్యాహ్నమే 'సామూహిక యోచనా సమయమున నూతన ఆలోచనలు చేయరాదు' అన్న సర్క్యులర్ నా చేతి మీదుగా వెళ్ళింది. పురుషోత్తం గారు దాని మీద చదివినట్టు సంతకం పెట్టారు. నెలాఖరున శాలువా కప్పాం, ఫొటో దిగాం, ఆయన ఇంటికి వెళ్ళిపోయారు.

మరుసటి సోమవారం ఆయన మామూలుగా ఆఫీసు వేళకే వచ్చారు. బయట, ప్రజలు నిలబడే వైపు నిలబడ్డారు. ఆ వారం పుట్టిన పిల్లల పత్రాలు, తల్లిదండ్రుల తరఫున తీసుకెళ్తానని వకుళను అడిగారు. తల్లిదండ్రులు ఆసుపత్రిలోనే సంతకం చేసిచ్చిన అనుమతి కాగితాలు చూపించారు. ఒక్క కాగితంలో ఒక్క లోపం లేదు, ఆయన తయారుచేసినవి మరి. పత్రాలు స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చారు. ఇప్పటికీ ఇస్తున్నారు. బాలింతలున్న ఇళ్ళలో కాఫీ ఇస్తారట, బిడ్డను ఒళ్ళో పెడతారట, కొందరు పేరు పెట్టమని కూడా అడుగుతారట. మనిషి నున్నగా తయారయ్యారు.

ఈ విషయం కమిషనర్ గారి దృష్టికి వెళ్ళింది. ఇది కచ్చితంగా ఏదో ఒక నిబంధనకు విరుద్ధమై ఉంటుందని ఆయన అభిప్రాయం. అది ఏ నిబంధనో కనిపెట్టి నివేదిక సమర్పించమని నన్ను ఆదేశించారు. పుస్తకాలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. చాలా ముఖ్యమైన విషయం కాబట్టి నేను ఏమాత్రం తొందరపడటం లేదు.